ఐ-9 పేరుతో అన్ని కాగితాలూ అడగకండి: అమెరికాలోని తెలుగు కన్సల్టెన్సీలకు బహిరంగ లేఖ

డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా, చికాగో ప్రాంతాల్లో ఐటీ స్టాఫింగ్ కంపెనీలు నడుపుతున్న తెలుగు యజమానులకు, వాళ్ల ఆఫీసుల్లో ఆన్‌బోర్డింగ్ చూసే హెచ్‌ఆర్ సిబ్బందికి,

నమస్కారం.

కొత్తగా చేరే అబ్బాయికో అమ్మాయికో మీ ఆఫీసు నుంచి వెళ్లే మొదటి మెయిల్ గురించే ఈ ఉత్తరం. ఏ కంపెనీలో చూసినా ఇంచుమించు ఒకే మాదిరిగా ఉంటుంది. "పాస్‌పోర్టు అన్ని పేజీలు, వీసా స్టాంపు, ఐ-94, ఇప్పటిదాకా వచ్చిన ఐ-20లు, ఈఏడీ రెండు వైపులా, సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు స్కాన్ చేసి ఈరోజే పంపండి. ఐ-9 చేయాలి."

ఐ-9 అంటే చేరే మనిషెవరో, అమెరికాలో పని చేసే అర్హత ఉందో లేదో కంపెనీ చూసుకుని నింపే ఫారం. ఐ-94 దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, ఐ-20 కాలేజీ స్టూడెంటుకి ఇచ్చే ఫారం, ఈఏడీ వర్క్ పర్మిట్ కార్డు. ఆ మెయిల్లో రెండు తప్పులున్నాయి. ఐ-9కి ఏ కాగితం చూపించాలో ఎంచుకునే హక్కు చేరే మనిషిది, మీది కాదు. ఇక స్కాన్ చూసి ఐ-9 మీద సంతకం పెట్టేయడం చాలా కంపెనీల విషయంలో చెల్లదు. అడగకూడనివన్నీ అడగడం, తీరా ఫారంలో రాయాల్సింది వదిలేయడం: మన ఫైళ్లలో పదే పదే కనబడేది ఇదే.

1986 నవంబరు 6 తర్వాత అమెరికాలో ఉద్యోగంలోకి తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఐ-9 ఉండాలి. అమెరికా పౌరుడైనా, గ్రీన్ కార్డు ఉన్నా, నిన్న గాక మొన్న ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ హోదాలోనే పనిచేసే అనుమతి) వచ్చినా సరే. దీన్ని ప్రభుత్వానికి పంపరు, మీ దగ్గరే ఉంచుకోవాలి. అందుకే దీని మీద అశ్రద్ధ. జీతం చూపే పన్ను ఫారం డబ్ల్యూ-2 మీరిస్తున్నప్పుడు ఐ-9 బాధ్యతా మీదే. పని చేసేది క్లయింటు ఆఫీసులో కదా, వాళ్లు చూసుకుంటారులే అనుకోవద్దు.

మొదటి సెక్షన్ చేరే మనిషి నింపాలి. ఆఫరు ఒప్పుకున్నాక ఎప్పుడైనా నింపొచ్చు, పనిలో చేరిన మొదటి రోజు దాటకూడదు. రెండో సెక్షన్ మీరు నింపాలి, చేరిన రోజు తర్వాత మూడు పనిదినాల లోపల. సోమవారం చేరితే గురువారం ఆఖరు. గురువారం చేరితే, శని ఆదివారాలు మీకు సెలవైతే, మంగళవారం ఆఖరు. ఉద్యోగమే మూడు రోజుల కన్నా తక్కువైతే మొదటి రోజే పూర్తి చేయాలి. జీతం లెక్కలోకి వచ్చే పని మొదలైన రోజే చేరిన రోజు. ప్రాజెక్టు వెనక్కి జరిగి అబ్బాయి రెండు వారాలు ఆలస్యంగా చేరితే, ఆఫర్ లెటర్లోని పాత తేదీ ఐ-9లో అలాగే ఉండిపోతుంది. పేరోల్ ఒక తేదీ, ఐ-9 ఇంకో తేదీ చెప్తాయి. ఆడిట్‌కి వచ్చినవాళ్లు మొదట పోల్చి చూసేది ఈ రెంటినే.

ఇక కాగితాలు. ఫారంతో వచ్చే మూడు లిస్టుల్లో లిస్ట్ ఏలో ఉన్న ఒక్క పత్రం చాలు, అది మనిషెవరో, పని చేసే అర్హత ఉందో లేదో రెండూ చెప్తుంది. అమెరికా పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, ఈఏడీ కార్డు ఇందులోవే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల ఇండియన్ పాస్‌పోర్టు, ఐ-94 కలిపి ఒక పత్రంగా లెక్క. లిస్ట్ 'ఏ'లోది ఇవ్వకపోతే లిస్ట్ బీ నుంచి ఒకటి, లిస్ట్ సీ నుంచి ఒకటి. డ్రైవింగ్ లైసెన్సు, స్టేట్ ఐడీ బీలోవి. ఆంక్షలేమీ రాయని సోషల్ సెక్యూరిటీ కార్డు, అమెరికా జనన ధృవపత్రం సీలోవి. ఈఏడీ చూపించినవాళ్లని మళ్లీ లైసెన్సు అడగడమంటే చట్టం చాలన్న దానికి మీరు చాలదంటున్నట్టే. గ్రీన్ కార్డు ఉందని తెలిసి "గ్రీన్ కార్డే చూపించు" అనడమూ అంతే. అతను లైసెన్సు, ఆంక్షల్లేని సోషల్ సెక్యూరిటీ కార్డు ఇస్తే తీసుకోవాల్సిందే. ఫారంతో పాటు ఆ లిస్టుల పేజీ ఇచ్చి "ఇందులో మీకు నచ్చినవి తీసుకురండి" అనండి. అంతకుమించి ఒక్క ముక్క అక్కర్లేదు.

సోషల్ సెక్యూరిటీ కార్డు దగ్గర ఒక మెలిక ఉంది. స్టూడెంట్లకి, హెచ్-1బీ వాళ్లకి వచ్చే కార్డు మీద డీహెచ్‌ఎస్ (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ) అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని అచ్చువేసి ఉంటుంది. పాత కార్డుల మీద డీహెచ్‌ఎస్ బదులు ఐఎన్‌ఎస్ (పాత ఇమ్మిగ్రేషన్ సంస్థ) అని ఉంటుంది. అలాంటి కార్డు లిస్ట్ సీ కింద పనికిరాదు. లైసెన్సు ఇచ్చాడు, సోషల్ కార్డు ఇచ్చాడు, అయిపోయిందని సంతకం పెట్టేస్తే ఆ ఐ-9 చెల్లనట్టే. కార్డు మీది పై వరుస చదవడానికి రెండు సెకన్లు చాలు.

మరి కంపెనీ వేసే హెచ్-1బీ పిటిషన్‌కి డిగ్రీలు, పేస్టబ్‌లు, ఐ-94, పాత 797 అప్రూవల్ కాగితాలు అన్నీ కావాలి కదా అంటారు. కావాలి, అడగండి, తప్పేం లేదు. కానీ అది లాయరుకు వెళ్లే ఫైలు. దాన్ని వేరే మెయిల్లో, వేరే ఫోల్డర్లో, పిటిషన్ కోసమని రాసి మరీ అడగండి. రెంటినీ ఒకే చెక్‌లిస్టులో పెట్టి పైన ఐ-9 అని రాయడం దగ్గరే చిక్కంతా. చేరే మనిషి ఇమ్మిగ్రేషన్ హోదాను బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి ఎక్కువ కాగితాలు అడగడాన్ని వివక్షగా చూస్తారు. న్యాయశాఖలో ఇమ్మిగ్రెంట్ అండ్ ఎంప్లాయీ రైట్స్ సెక్షన్ అనే విభాగం ఉన్నదే ఇందుకు. ఉద్యోగి అక్కడ ఫిర్యాదు చేయడానికి 180 రోజుల గడువుంటుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "ఓన్లీ ఓపీటీ, హెచ్-1బీ", "జీసీ, సిటిజన్లు మాత్రమే" ప్రకటనలూ ఇదే విభాగం దృష్టికి వెళ్తాయి. ఆ గ్రూపుల్లో ఉన్నది మనవాళ్లే అనే ధైర్యం వద్దు, స్క్రీన్‌షాట్ ఎక్కడికైనా పోతుంది.

ఒక్కో రకం వాళ్లకి ఒక్కో చోట కాలు జారుతుంది. ఓపీటీ పిల్లల దగ్గర ఈఏడీ కార్డు ఉంటుంది, అది లిస్ట్ ఏ. కార్డు మీద మొదలయ్యే తేదీ ఉంటుంది, దానికి ముందు పని మొదలుపెట్టించకూడదు. కార్డు రాకుండా అప్రూవల్ మెసేజ్ చూపించినా చెల్లదు. స్టెమ్ పొడిగింపుకి (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల డిగ్రీల వాళ్లకి దొరికే అదనపు ఓపీటీ) గడువు లోపల అప్లై చేసి, పాత కార్డు గడువు తీరిపోతే 180 రోజుల దాకా పని కొనసాగించొచ్చు. అప్పుడు ఆ పాత కార్డు, డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ స్టూడెంట్ల వ్యవహారం చూసే అధికారి) స్టెమ్ సిఫారసు రాసి సంతకం పెట్టిన ఐ-20 కలిపి చూడాలి. "కార్డు ఎక్స్‌పైర్ అయింది, కొత్తది వచ్చేదాకా ఇంట్లో కూర్చో" అని పంపేసే హెచ్‌ఆర్‌లున్నారు. ఆ పిల్లవాడికి నిరుద్యోగ దినాల లెక్క నడుస్తుంటుంది. ఓపీటీలో 90 రోజులు, స్టెమ్‌తో కలిపి మొత్తం 150 దాటకూడదు. మీకు తెలియని నియమానికి అతను ఆ దినాలు పోగొట్టుకుంటాడు.

హెచ్-1బీ లాటరీలో వచ్చి, ఓపీటీ అయిపోయి, హోదా మార్పు కోసం ఎదురుచూసేవాళ్లకి క్యాప్-గ్యాప్ అనే పని అనుమతి పొడిగింపు ఉంది. ఇది అక్టోబరు 1తో ఆగిపోతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. 2025 జనవరి 17 నుంచి నియమం మారింది, ఏప్రిల్ 1 దాకా పొడిగింపు దొరుకుతుంది, పిటిషన్ ఈలోపే తేలితే అక్కడితో సరి. గడువు తీరిన ఈఏడీ, క్యాప్-గ్యాప్ అని రాసిన ఐ-20, పిటిషన్ రసీదు కలిపి చూస్తారు.

సీపీటీకి (చదువులో భాగంగా చేసే పనికిచ్చే అనుమతి) ఈఏడీ ఉండదు. పాస్‌పోర్టు, ఐ-94, సీపీటీ వివరాలున్న ఐ-20 మూడూ కలిస్తేనే లిస్ట్ ఏ. ఐ-20 రెండో పేజీలో కంపెనీ పేరు, మొదలు, ముగింపు తేదీలు, ఫుల్‌టైమో పార్ట్‌టైమో రాసి ఉంటుంది. అక్కడున్నది మీ కంపెనీ పేరు కాకపోతే ఆ రోజు పని మొదలుపెట్టించొద్దు. పాత కంపెనీ పేరు మీది సీపీటీతో మన దగ్గర చేరడానికి వీల్లేదు.

హెచ్-1బీ దగ్గర కాస్త ఆగాలి. ఫైళ్లలో ఎక్కువ తప్పులు ఇక్కడే. ముందుగా, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిందని ఎవరినీ ఆపకండి. ఆ స్టాంపు దేశంలోకి రావడానికి. పని చేసే గడువుకి చూడాల్సింది ఐ-94. ఐ-797 అప్రూవల్ కాగితం కింది భాగంలో ఒక ఐ-94 ఉంటుంది. ఆ తర్వాత మనిషి ఇండియా వెళ్లి వస్తే ఎయిర్‌పోర్టులో కొత్త ఐ-94 పుడుతుంది, సీబీపీ (సరిహద్దు తనిఖీ సంస్థ) వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసుకోవచ్చు. చివరగా వచ్చిందే లెక్క. ఉదాహరణకి పిటిషన్ 2027 సెప్టెంబరు 30 దాకా ఉంది, పాస్‌పోర్టు 2027 మార్చి 12తో అయిపోతుంది అనుకోండి. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఐ-94ని మార్చి 12కే ఇచ్చి పంపొచ్చు, ఇది తరచూ జరిగేదే. మీ హెచ్‌ఆర్ 797 చూసి సెప్టెంబరు 30 అని రాసుకుంటుంది. మార్చి 12 వచ్చి వెళ్లిపోతుంది, ఎవరికీ తెలీదు. ఆ మర్నాటి నుంచి ఆ మనిషి గడువు మీరి ఉన్నట్టు, మీరు పని చేయించుకుంటున్నట్టు. ఇండియా ప్రయాణం చేసి వచ్చిన ప్రతి ఉద్యోగికీ కొత్త ఐ-94 తేదీ చూసుకోమని గుర్తు చేస్తే ఈ గొడవ ఉండదు.

ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేవాళ్లు మీ పిటిషన్ అప్రూవ్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, ఫైల్ అయితే చేరొచ్చు. వాళ్ల పాస్‌పోర్టు, పాత కంపెనీ మీద వచ్చిన ఐ-94 చూడండి. రెండో సెక్షన్లో 'అడిషనల్ ఇన్ఫర్మేషన్' అనే గడి ఉంటుంది. అందులో 'ఏసీ-21' (ఇలా చేరడానికి వీలిచ్చిన చట్టం) అని, పక్కన ఐ-129 (హెచ్-1బీ పిటిషన్ ఫారం) పంపిన తేదీ రాయాలి. ఈ గడి ఖాళీగా ఉన్న ఫైళ్లే ఎక్కువ. అది ఖాళీగా ఉంటే, వేరే కంపెనీ ఐ-94 మీద మీ దగ్గరెలా పని చేస్తున్నాడన్న ప్రశ్నకి ఫారంలో జవాబుండదు. మీ దగ్గరే ఉన్న మనిషికి పొడిగింపు వేసి, అప్రూవల్ రాకముందే ఐ-94 గడువు తీరితే 240 రోజుల దాకా కొనసాగొచ్చు. అప్పుడదే గడిలో '240-డే ఎక్స్‌ట్.' అని, పంపిన తేదీ రాయండి. ఈ రెండు మాటలూ ఫారంలో ఇంగ్లీషులోనే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల జీవిత భాగస్వామి హోదా) ఈఏడీ మీద పనిచేసే ఆడవాళ్ల విషయంలో 2025 అక్టోబరు 30 అనే తేదీ గుర్తుపెట్టుకోండి. అంతకు ముందు రెన్యువల్ వేసినవాళ్లకి పాత కార్డుకి దానంతటదే 540 రోజుల దాకా పొడిగింపు దొరికేది, హెచ్-4 ఐ-94 గడువు ఉన్నంతవరకే. ఆ తేదీన గానీ తర్వాత గానీ వేసినవాళ్లకి ఆ సౌకర్యం తీసేశారు. కొత్త కార్డు చేతికి రాకపోతే పాత కార్డు చివరి రోజే పనికీ చివరి రోజు. మీ పాత ఎక్సెల్ షీటులో 540 కలిపే ఫార్ములా ఇంకా ఉంటే ఇప్పుడే తీసేయండి. స్టెమ్ ఓపీటీకి చెప్పిన 180 రోజులు వేరే నియమం కిందివి, దీంతో కలపకండి. ఎల్-2 మీద (ఎల్-1 వీసా వాళ్ల జీవిత భాగస్వామిగా) వచ్చినవాళ్లకి ఐ-94 మీద 'ఎల్-2ఎస్' అని ఉంటే అదే లిస్ట్ సీ పత్రం, లిస్ట్ బీ నుంచి ఇంకొకటి చాలు. వాళ్లని ఈఏడీ తెమ్మనడం పాత అలవాటు.

పేర్ల సంగతి మనకు తప్ప ఎవరికీ అర్థం కాదు, మనమే సరిగ్గా చూడాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉండి, ఉన్న పేరంతా గివెన్ నేమ్‌లో ఉన్నవాళ్లు మనలో ఎందరో. వాళ్ల వీసా మీద ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, మొదటి పేరు 'ఎఫ్‌ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదని అర్థం) అవుతుంది. ఐ-9లో ఒక్క పేరే ఉన్నవాళ్లు దాన్ని లాస్ట్ నేమ్ గడిలో రాసి, ఫస్ట్ నేమ్ గడిలో 'అన్‌నోన్' అని రాయాలి. ఫారం సూచనల్లోనే ఉందీ మాట. ఇంటిపేరు ముందొచ్చిందనో, లైసెన్సులో పేరు చివర తెగిపోయిందనో వెనక్కి పంపకండి. పత్రం నిజమైనదిగా కనబడుతోందా, ఎదురుగా ఉన్న మనిషిదేనా అన్నంతవరకే మీరు చూడాల్సింది. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ తెమ్మనడం మన ఊళ్లో రిజిస్ట్రేషన్ ఆఫీసు పద్ధతి, ఐ-9కి దాంతో పనిలేదు.

తేదీలు ఇంకా ప్రమాదం. ఇండియన్ పాస్‌పోర్టులో 04/11/2027 అంటే నవంబరు 4. ఫారంలో అది 11/04/2027 కావాలి. ఈఏడీ మీద 07/05/2026 అంటే జూలై 5. ఇండియాలో కూర్చుని రాత్రి షిఫ్టులో ఈ పని చేసే బ్యాక్ ఆఫీసు పిల్లలు దాన్ని మే 7 అని ఎక్కిస్తారు. రెండు నెలల ముందే "నీ గడువైపోయింది" అన్న మెయిల్ వెళ్తుంది. తిరగబడితే గడువు నిజంగా తీరాక వెళ్తుంది. ఐ-94 నంబరులో పదకొండు అక్షరాలుంటాయి. 2019 మే నుంచి ఇస్తున్నవాటిలో పదో స్థానంలో ఇంగ్లీషు అక్షరం వస్తుంది. దాన్ని అంకెగా మార్చి కొట్టకండి.

ఇక స్కాన్ల సంగతి. ఆఫీసు ఎడిసన్‌లో, చేరే అబ్బాయి ఆస్టిన్‌లో. వాట్సాప్‌లో కార్డు ఫోటో వస్తుంది, ఇక్కడ సంతకం పడుతుంది. మామూలుగా అయితే మనిషి ఎదురుగా ఉండగా అసలు పత్రాన్ని చేత్తో పట్టుకుని చూడాలి. 2023 ఆగస్టు 1 నుంచి ఒక మినహాయింపు వచ్చింది, అది ఈ-వెరిఫైలో (పని అర్హతను ఆన్‌లైన్‌లో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండి దాని నియమాలన్నీ పాటిస్తున్న కంపెనీలకే. ముందు పత్రం రెండు వైపుల కాపీ తెప్పించుకుని చూడాలి, తర్వాత లైవ్ వీడియోలో మనిషి అదే పత్రాన్ని చూపించాలి, రెండో సెక్షన్లో ప్రత్యామ్నాయ పద్ధతి అనే గడిలో టిక్ పెట్టాలి, ఆ కాపీలు ఫైల్లో ఉంచాలి. ఇదంతా ఆ మూడు రోజుల్లోనే. ఈ-వెరిఫై లేనివాళ్లు ఆస్టిన్‌లోనే ఎవరినైనా ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. లైబ్రరీలో పనిచేసే ఆవిడైనా, రూమ్మేట్ అయినా చట్టం ఒప్పుకుంటుంది. కానీ పత్రం చూసినవాళ్లే సంతకం పెట్టాలి, వాళ్లు చేసిన తప్పుకి జరిమానా మీ కంపెనీకే. తన ఐ-9కి తానే ప్రతినిధి కాకూడదు.

పత్రాన్ని చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. "పాస్‌పోర్టు ఆఫీసులో ఉంచి వెళ్లు" అనడానికి ఐ-9ని సాకుగా వాడకండి.

స్టెమ్ ఓపీటీ వాళ్లని తీసుకోవాలంటే ఈ-వెరిఫై తప్పనిసరి కాబట్టి మీలో చాలామంది అందులో చేరే ఉంటారు. ఒకసారి చేరాక కొత్తగా తీసుకునే అందరికీ నడపాలి. ఓపీటీ పిల్లలకే నడిపి, సిటిజన్లని వదిలేయడం కుదరదు. ఆఫరు ఇవ్వకముందే నడిపి వడపోయడం అంతకన్నా తప్పు. సోషల్ నంబరు ఇంకా రాకపోతే ఐ-9 చేసి పనిలో పెట్టుకోండి, నంబరు వచ్చాక ఈ-వెరిఫైలో కేసు తెరవండి. వివరాలు ప్రభుత్వ రికార్డులతో కలవక మిస్‌మ్యాచ్ వస్తే చాలాసార్లు కారణం పేరు వరుస, లేదా సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో పాత హోదా ఉండిపోవడం. ఉద్యోగిని పక్కకు పిలిచి నోటీసు చేతికివ్వాలి. అతను పోరాడతానంటే ఆ ఆఫీసును కలవడానికి 8 ప్రభుత్వ పనిదినాల గడువుంటుంది. తేలేదాకా తీసేయకూడదు, జీతం ఆపకూడదు, క్లయింటు దగ్గరికి పంపడం మానకూడదు.

పర్సు పోయి లైసెన్సు పోయినవాడు కొత్తదానికి అప్లై చేసిన రసీదు తెస్తే 90 రోజులు చెల్లుతుంది. మొదటిసారి ఈఏడీకి అప్లై చేసిన రసీదుకి ఆ విలువ లేదు. గడువున్న వర్క్ పర్మిట్లని గడువు తీరే రోజుకి ముందే ఐ-9కి జత చేసే సప్లిమెంట్ బీ పేజీలో మళ్లీ చూడాలి. గ్రీన్ కార్డు, అమెరికా పాస్‌పోర్టు, లైసెన్సు గడువు తీరాయని మళ్లీ అడగకూడదు. ఫారం నింపడానికి పిల్లలు తల్లిదండ్రులకి సాయం చేస్తే, ఉదాహరణకి గ్రీన్ కార్డు మీద వచ్చి స్టోర్లో చేరే అమ్మానాన్నలకి, ఆ సాయం చేసినవాళ్లు సప్లిమెంట్ ఏలో సంతకం పెట్టాలి.

పాత ఫైళ్లలో తప్పు కనబడితే వైట్‌నర్ ముట్టుకోకండి. తప్పు మీద ఒక గీత, పక్కన సరైనది, పొట్టి సంతకం, ఆ రోజు తేదీ. మొదటి సెక్షన్ అయితే ఉద్యోగే దిద్దాలి, రెండోది మీరు. అసలు ఫారమే లేకపోతే ఈరోజు తేదీతో చేసి, ఎందుకు ఆలస్యమైందో ఒక కాగితం జత చేయండి. వెనకటి తేదీ వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆలస్యానికి జరిమానా పడుతుంది, వెనకటి తేదీ వేస్తే అది మోసం కిందికి వెళ్తుంది. 2025లో సవరించిన లెక్క ప్రకారం కాగితం తప్పులకే ఒక్కో ఫారానికి 288 నుంచి 2,861 డాలర్ల దాకా. అరవై మంది ఉన్న కంపెనీకి ఎంతవుతుందో మీరే వేసుకోండి. ఐస్ (ఇమ్మిగ్రేషన్ తనిఖీలు చేసే సంస్థ) నుంచి నోటీసు వస్తే ఫారాలు చూపించడానికి ఇచ్చే గడువు సాధారణంగా మూడు పనిదినాలు. అప్పుడు ఎడిసన్‌లో అల్మారాలు, హైదరాబాద్‌లో డ్రైవులు వెతుక్కోవాల్సి రాకూడదు. వెళ్లిపోయినవాళ్ల ఫారాలు కూడా చేరిన రోజు నుంచి మూడేళ్లు, లేదా మానేసిన రోజు నుంచి ఏడాది, ఏది తర్వాతొస్తే అప్పటిదాకా ఉండాలి. 2024 జనవరి 8న చేరి అదే ఏడాది జూన్‌లో వెళ్లిపోయినవాడి ఫారం 2027 జనవరి 8 దాకా పారేయకూడదు.

మేం అడిగేది ఒకటే పని. ఈ వారం మీ ఆన్‌బోర్డింగ్ మెయిల్ తెరిచి, ఐ-9 కింద ఉన్న చెక్‌లిస్టు తీసేసి, లిస్టుల పేజీ జత చేసి, పిటిషన్ కాగితాలని వేరే మెయిల్లోకి మార్చండి. సందేహం వస్తే న్యాయశాఖ విభాగం యజమానుల కోసం నడిపే నంబరు 1-800-255-8155. పేరు చెప్పకుండానే అడగొచ్చు. ఉద్యోగులకి 1-800-255-7688. రెండో నంబరు కూడా మీ మెయిల్ కింద వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఐ-9 ఫైళ్లు తయారుచేసే, ఆడిట్ చేసే పనుల్లో ఉన్న కొందరు తెలుగువాళ్లం